గెంటేశానని చెప్పని వదిన

కిందటి వారం హిమాని పూజామండపంలో మడతమంచం వేసుకుంటుండగా ఆగాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పద్దెనిమిది రోజులైంది.

మధ్యలో ఒక సంచిక తప్పిపోయినవాళ్ళ కోసం సంగతి మళ్ళీ చెబుతాను. చుచురాలో గంగ ఒడ్డున సమద్దార్ల ఇల్లుంది. ముసలాయన పోయిన మరుసటి ఏడాది, అంటే 1993లో, పెద్దకొడుకు అఘోరనాథ్, చిన్నకొడుకు లోకనాథ్ కలిసి "మేమిద్దరమే వారసులం" అని పత్రం రాయించి ఇల్లు పంచుకున్నారు. కింది అంతస్తు పెద్దవాడికి, పై అంతస్తు చిన్నవాడికి. ముంగిట్లో అడ్డంగా ఒక గోడ. మెట్లు పెద్దవాడి వాటాలో పడ్డాయి కాబట్టి చిన్నవాడు బయటినుంచి ఇనపమెట్లు కట్టించుకున్నాడు. అతను దిగుతుంటే ఆ చప్పుడు సందు చివర మిఠాయి దుకాణం దాకా వినిపిస్తుంది. దుర్గమ్మను మాత్రం నిలువునా కోయలేరు గనక పూజామండపాన్ని ఉమ్మడిగా వదిలేశారు.

ఆ అన్నదమ్ములిద్దరి నడుమా పుట్టిన ఆడపిల్ల హిమాని. పత్రంలో ఆమె పేరు ఎక్కడా లేదు. అప్పట్లో ఆమె ఉత్తరాన, అలీపుర్‌దువార్ ఆస్పత్రిలో నర్సు. భర్త పోయాడు, పిల్లల్లేరు. మేట్రన్‌గా రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, మూడో వంతు నాదని దావా వేసి, కేసు తేలేదాకా ఆమె ఆ ఇంట్లో ఉండటానికి ఎవరూ అడ్డు చెప్పకూడదన్న కోర్టు కాగితం పట్టుకుని ఇంటి ముందు దిగింది. కాగితంలో ఉండమని ఉంది గానీ ఏ గదిలో అని లేదు. పెద్దన్న తన గదుల నిండా పాత సామానన్నాడు. తమ్ముడు తన గదుల్లో కోడలు పాట సాధన చేస్తుందన్నాడు. హిమాని ఇద్దరి మాటా విని, పెట్టె తీసుకెళ్ళి దుర్గమ్మ ఎదురుగా పెట్టుకుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక వింత అలవాటు మొదలైంది. రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి హిమాని బీపీ మిషను తీసి మండపం మెట్ల మీద కూర్చుంటుంది. మూడో నాడు అఘోరనాథ్ పేపరు చదువుతూ ఆ పక్కగా నడిచాడు. నాలుగో నాడు ఆగాడు. ఐదో నాడు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నాడు. ఆమె చూసి, ఉప్పు తగ్గించమంది. అంతకుమించి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ వారం చివర్లో ఇనపమెట్లు కూడా చప్పుడు చేశాయి. లోకనాథ్‌కి అన్నగారి కంటే పది పాయింట్లు ఎక్కువుంది. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ అఘోరనాథ్ ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

కేసు దారి కేసుదే. అన్నదమ్ముల లాయరు భవతోష్ కుండు వాయిదాకి వారం ముందు ఇద్దరినీ పిలిపించాడు. పదహారేళ్ళుగా పలకరింపుల్లేని అన్నదమ్ములు ఒకే బెంచీ మీద ఈ చివరొకరు ఆ చివరొకరు కూర్చున్నారు. కుండు చట్టం సంగతి దాచకుండా చెప్పాడు.

"ఉమ్మడి ఇంట్లో ఒక వాటాదారు కూర్చుంటే అందరి తరఫునా కూర్చున్నట్టే లెక్క. మీరు పదహారేళ్ళు కాదు, అరవై ఏళ్ళున్నా ఆవిడ హక్కు చావదు. దానికి ఒకటే మందు. ‘నీకిక్కడేం లేదు, ఫో’ అని నలుగురికీ తెలిసేలా గెంటేసి ఉండాలి. గెంటేసి పన్నెండేళ్ళు దాటి ఉండాలి. ఇప్పుడు చెప్పండి. గెంటేశారా?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అఘోరనాథ్ జనపనార మిల్లులో హెడ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. శనివారాలు లైబ్రరీలో గీత చదివి అర్థం చెబుతాడు. లోకనాథ్ బడి కమిటీ అధ్యక్షుడు. వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో నిలబడాలని ఆశ. తోడబుట్టినదాన్ని వీధిలోకి నెట్టానని కోర్టులో చెప్పినవాడికి గీతా నిలవదు, ఓట్లూ పడవు.

లోకనాథ్ ముందుగా తేరుకుని, అక్క ఎప్పుడొచ్చినా తను ఊళ్ళో లేడన్నాడు. అఘోరనాథ్ తను మిల్లులో ఉన్నానన్నాడు. ఇల్లు పంచుకున్నాక ఆ ఇద్దరికీ మాట కలిసింది ఇక్కడే.

"మరి తలుపు తీసిందెవరు?" అన్నాడు కుండు.

"మా ఆవిడ," అన్నాడు అఘోరనాథ్, బరువు దిగినవాడిలా.

అలా సాక్ష్యం భారం ననీబాల మీద పడింది. ఈవిడ గురించి ఇంతవరకు పెద్దగా చెప్పే అవసరం రాలేదు. పదహారో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఇప్పుడు అరవై ఆరు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్. మాట మెత్తగా, నెమ్మదిగా వస్తుంది. అందుకని ఇంట్లోవాళ్ళు సగమే వింటారు. పేటలో మాత్రం అలా కాదు. ఘాట్ పేట పూజా మహిళా కమిటీకి ఇరవై ఏళ్ళుగా ఆవిడే అధ్యక్షురాలు. నిమజ్జనం రోజున అమ్మవారికి మొదటి సింధూరం పెట్టేది ఆవిడే. మిత్రా వారి కోడలు బులు ఆ పదవి మీద ఏడేళ్ళుగా కన్నేసి ఉంది.

కుండు స్వయంగా ఇంటికొచ్చాడు. పూరీల్లాంటి లూచీలు తిన్నాడు. తిన్నాక కలం తీశాడు.

"ఇల్లు పంచుకున్న మరుసటేడు ఆషాఢంలో మీ ఆడపడుచు వచ్చింది కదా. అప్పుడేం చేశారు?"

"పులస తెప్పించాను," అంది ననీబాల.

కుండు కలం కింద పెట్టాడు. "పులస మాట వద్దు. తలుపు వేశారా, లేదా?"

"వేశాను. జల్లు కొడుతుంటే వెయ్యనా?"

"అప్పుడు ఆవిడ బయటుందా, లోపలుందా?"

"లోపలే. తల తుడుచుకుంటోంది."

అఘోరనాథ్ పక్కనుంచి, తల తుడుచుకున్న సంగతి ఎవరూ అడగలేదన్నాడు. కుండు ఓపిగ్గా మళ్ళీ మొదటికొచ్చాడు. రెండోసారి పులస పోయింది గానీ దాని బదులు కిచిడీ వచ్చింది. మూడోసారి తిండి మాట లేదు గానీ వెళ్ళేటప్పుడు ఆడపడుచుకి పెట్టిన చీర రంగు వచ్చింది. ఐదోసారికి ఆవిడ ఒక్క మాట మీద నిలబడింది. "తలుపు వేశాను." అంతే. అది అక్షరాలా నిజం కాబట్టి ఆ మాట అనడానికి తనకి ఏ అభ్యంతరమూ లేదంది. కుండుకి అంతకంటే అక్కర్లేదు. మిగతాది ఆయనే రాసుకుంటానన్నాడు.

ఆయనకి రాయడమంటే కాస్త మమకారం. కలం పట్టాక తలుపు ఒక్కటీ మూస్తే ఆయనకి తృప్తి లేకపోయింది. రెండ్రోజుల్లో ప్రమాణపత్రం తయారై వచ్చింది. ననీబాల కళ్ళజోడు బాగుచేతకిచ్చి ఉంది. పెన్సిలు గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసింది.

వాయిదా రోజు మార్గశిరపు చలి. చుచురా కోర్టు వరండా చాలా పొడుగు. ఈ చివర్న నిలబడ్డ మనిషి ఆ చివరివాళ్ళకి చీమలా కనిపిస్తాడు. ఆ వరండా పొడుగునా నడుచుకుంటూ ననీబాల వచ్చింది. వెనకాల పేట ఆడవాళ్ళు ఐదుగురు టిఫిన్ క్యారియరుతో, అల్లిక సూదులతో వచ్చారు. అధ్యక్షురాలు బోనెక్కుతుంటే ఒంటరిగా పంపడం బాగుండదని వాళ్ళ ఉద్దేశం. బులు మిత్ర ఉద్దేశం ఏమిటో చెప్పలేం గానీ, ముందు వరసలో చోటు ఆమే పట్టుకుంది.

హిమాని తరఫు లాయరు పారమితా బాగ్‌కి ముప్పై నిండలేదు. గట్టిగా మాట్లాడదు. ప్రమాణపత్రం ననీబాల చేతికిచ్చి, సంతకం ఆవిడదేనా అని అడిగింది. ననీబాల తనదే అంది.

"అయితే ఆరో పేరా చదువుతాను మాసిమా, వినండి," అని పిన్నిగారిని పిలిచినట్టు పిలిచి పారమిత చదివింది. "‘వాది వానలో తడిసి, ఆకలియని ప్రాధేయపడినను నేను ఆమెను గడప తొక్కనీయలేదు. దాహమని అడిగిన గుక్కెడు మంచినీళ్ళు కూడ ఈయక తలుపు మూసితిని.’ ఇది నిజమేనా?"

వెనక అల్లిక సూదులు ఆగిపోయాయి. బులు మిత్ర పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆ పక్కావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇదంతా ననీబాల చూసింది.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. ఆరో పేరా మొత్తం వేలు ఆనించి చదివింది. చదివి కుండు వైపు తిరిగింది.

"మంచినీళ్ళ మాట ఎవరు రాశారు?"

కుండు ఫైల్లో ఏదో వెతుకుతున్నాడు. జడ్జిగారు, సాక్షి లాయర్లను ప్రశ్నలు వెయ్యకూడదనీ అడిగినదానికి జవాబు చెప్పాలనీ అన్నారు.

"చెబుతాను హుజూర్," అంది ననీబాల. "తలుపు వేశానని చెప్పమన్నారు. వేశాను గనక సరేనన్నాను. గుక్కెడు నీళ్ళివ్వలేదని మాత్రం నేను ఏ జన్మలోనూ అనను. మా ముంగిట్లో అడ్డగోడ కట్టడానికొచ్చిన మేస్త్రీలకి కూడా వట్టి నీళ్ళివ్వలేదు, బెల్లం ముక్క పెట్టి ఇచ్చాను. ఇంటి ఆడపిల్లకి ఇవ్వనా?"

అక్కడితో ఆగి ఉంటే కుండు ఏదో ఒకటి అతుకు వేసుకునేవాడు. కానీ ముందు వరసలో బులు మిత్ర ఇంకా నమ్మనట్టే చూస్తోంది. ననీబాల ఆమె నమ్మేదాకా చెప్పింది. ఆ రోజు బజారుకి మనిషిని పంపి పులస తెప్పించిన సంగతి, దానికి ఆవ పెట్టిన సంగతి, హిమానికి తలభాగం ఇష్టమని తల ఆమెకే వేసిన సంగతి, మర్నాడు కిచిడీ, వంకాయ వేపుడు, ఆ మర్నాడు పాయసం. టైపు చేసుకుంటున్న గుమస్తా తలెత్తి, ఆవ కూడా రాయాలా అని అడిగాడు. జడ్జిగారు పులస వరకు చాలన్నారు.

పారమిత అడ్డు రాలేదు. అంతా అయ్యాక రెండే ప్రశ్నలు వేసింది. అప్పుడు హిమాని ఎన్నాళ్ళుంది? పదకొండు రోజులు. ఏ గదిలో?

"గంగ వైపు గదిలో," అంది ననీబాల. "ఆ గది తనదే కదా."

కుండు కళ్ళు మూసుకున్నాడు. అఘోరనాథ్ పైకప్పు వైపు చూశాడు. లోకనాథ్ తన సెల్‌ఫోన్ వైపు చూశాడు. పారమిత, ఆ తర్వాత కూడా హిమాని వస్తూ ఉండేదా అని అడిగింది. రెండేళ్ళకోసారి వచ్చేదనీ, కిందటేడు దావా వేశాక మాత్రం అలిగి రాలేదనీ, అయినా విజయదశమికి కొబ్బరి లడ్డూలు పార్సెల్ చేశాననీ ననీబాల చెప్పింది. హిమాని తల ఊపింది. లడ్డూలు అందాయి. పన్నెండేళ్ళ మాట దేవుడెరుగు, పన్నెండు నెలలు కూడా ఆవిడని ఎవరూ గెంటెయ్యలేదు.

ఇక్కడ కుండు కూర్చోవలసింది. ఆయన అలా కూర్చునే రకం కాదు. సాక్షిని తను మళ్ళీ అడగాలని అనుమతి తీసుకుని, చాలా దయగా, వయసు మీద పడ్డాక పాత సంగతులు కలగాపులగం అవుతుంటాయి కదా అన్నాడు.

"మొన్న మా ఇంట్లో మీరు తిన్న లూచీలు ఎన్నో చెప్పమంటారా?" అంది ననీబాల.

కోర్టు నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు గానీ మంచినీళ్ళు తాగారు. కుండు మొహం ఎర్రబడింది. ఎర్రబడ్డ మొహంతో అడిగే ప్రశ్న ఏదీ బాగుపడదు. "అయితే మీ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరినీ బయటపెట్టలేదన్నమాట. అందరినీ గుండెల్లో పెట్టుకున్నారన్నమాట," అన్నాడు.

ననీబాల పాన్ నమలడం ఆపింది.

"ఇంటివాళ్ళ సంగతి ఇంటివాళ్ళే చెప్పాలి," అంది. "నేను మాత్రం ఎవరినీ బయటపెట్టలేదు. చచ్చిపోయాడని అందరూ తిలోదకాలిచ్చేసిన పల్టుకి కూడా ఏటా పూజకి కొత్త పంచె పంపుతూనే ఉన్నాను."

అఘోరనాథ్ లేచి నిలబడ్డాడు. లోకనాథ్ చేతిలోంచి ఫోను జారి కింద పడింది. నిలబడి ఉన్న హిమాని అలాగే వెనక్కి తడుముకుంటూ, బెంచీ మీదున్న గుమస్తా కాగితాల కట్ట మీద కూర్చుంది.

జడ్జిగారు పల్టు ఎవరని అడిగారు. ననీబాలే చెప్పింది. పల్టు అసలు పేరు తారానాథ్. నలుగురు బిడ్డల్లో ఆఖరివాడు. పంతొమ్మిదో ఏట, చదువు మానేసి జాత్రా నాటకాల్లో ఆడవేషం వేస్తున్నాడని తెలిసి, తండ్రి గొడుగుతో కొట్టాడు. ఆ మధ్యాహ్నమే ఇల్లు విడిచాడు. మరుసటేడు సుందర్బన్ నదిలో ఒక నాటకం పడవ మునిగిందనీ, అతనూ అందులో ఉన్నాడనీ కబురొచ్చింది. శవం దొరకలేదు. ఆచారం ప్రకారం పన్నెండేళ్ళు చూసి, దర్భబొమ్మ చేసి గంగ ఒడ్డున కాల్చి కర్మ చేశారు. హిమాని అంత దూరం నుంచీ జ్వరంతో వచ్చి, ఆ బొమ్మ కాలుతుంటే చివరిదాకా నిలబడి చూసింది. అందుకే దావాలో తన తండ్రికి వారసులు ముగ్గురని ఆమె నిస్సంకోచంగా రాసింది.

జడ్జిగారు దావా కాగితం తీసి ఆ వాక్యం ఒకసారి చదువుకున్నారు. తర్వాత హిమాని వైపు చూసి, కోపం లేకుండానే, "మీ పేరు వదిలేసి పంచుకున్నారని మీరు వచ్చారు. మీ కాగితంలోనూ ఒకరి పేరు లేదమ్మా," అన్నారు. వాటాదారులందరూ ఎదుట లేకుండా పంపకం తేల్చలేననీ, ఆ నాలుగో మనిషి బతికుంటే మూడు వారాల్లో అతన్ని కేసులో చేర్చాలనీ, లేకపోతే దావా నిలవదనీ చెప్పి లేచారు.

దావా నిలవదన్న మాట వినగానే అన్నదమ్ములిద్దరి మొహాలూ వెలిగాయి. లోకనాథ్ సంతోషంలో అన్నగారి భుజం తట్టాడు కూడా. కుండు వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి, దావా పోయినా మనిషి బతికున్నాడు కదా అని గుర్తు చేశాడు. నిన్నటిదాకా సగం సగం అనుకున్న ఇల్లు ఇప్పుడు ఒక్కొక్కరికి పావు వంతు. లోకనాథ్ భుజం మీది చెయ్యి తీసేశాడు.

పేట ఆడవాళ్ళు టీకి వెళ్ళారు. బులు మిత్ర కూడా వెళ్ళింది. వెళ్ళేముందు ననీబాల పాదాలకి దండం పెట్టి మరీ వెళ్ళింది. వరండా చివర ఎండ పడే బెంచీ మీద ననీబాల ఒక్కతే కూర్చుని కొత్త పాన్ చుట్టుకుంటోంది. హిమాని వచ్చి ఎదురుగా నిలబడింది. నలభై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో వార్డుల్లో గొంతు పెంచకుండా మాట్లాడటం అలవాటైన మనిషి. వదినని ఎప్పటిలా బౌదీ అంటూ, ఇప్పుడూ గొంతు పెంచకుండానే అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు బౌదీ?"

"కర్మ అయిన మరుసటేటినించీ. ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. అన్నం తిన్నాడు. తన శ్రాద్ధం బాగా జరిగిందా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఉన్నదే చెప్పాను. ఆఖరి పంక్తికి మిఠాయి చాల్లేదన్నాను. నవ్వాడు. తర్వాత ఏడ్చాడనుకో."

హిమాని బెంచీ మీద కూర్చుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే తెలియలేదు. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుంది. పల్టు కాట్వాలో ఉన్నాడనీ, నాటకాలవాళ్ళకి వేషాల బట్టలు అద్దెకిచ్చే కొట్టు పెట్టుకున్నాడనీ, పెళ్ళామూ ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారనీ ననీబాల చెప్పింది. పడవ మునిగిన రోజు కడుపునొప్పి వచ్చి పడవెక్కలేదట. తండ్రి ఉన్నన్నాళ్ళూ మళ్ళీ గడప తొక్కనని, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. తండ్రి పోయాక, తన బొమ్మ కాల్చినవాళ్ళ ఎదుటికి ఏ మొహంతో రావాలో తెలియలేదన్నాడు.

"నాకైనా చెప్పవలసింది," అంది హిమాని. "నేను వాడికి ఏటా తర్పణం వదిలిస్తున్నాను బౌదీ. పురోహితుణ్ణి పిలిచి మరీ."

"ఆ మాటా చెప్పాను. దీదీ చేత్తో ఇచ్చే నీళ్ళు బతికుండగానే తాగుతున్నానన్నాడు. నిన్ను అడుగుతూనే ఉంటాడు. నీ మోకాళ్ళ నొప్పి సంగతి కూడా వాడికి తెలుసు."

హిమానిలోని మేట్రన్ మళ్ళీ తేరుకుంది. అయితే రేపు పొద్దున్నే రైలెక్కి కాట్వా వెళ్ళి, చెవి పట్టుకునైనా తమ్ముణ్ణి తీసుకొచ్చి కోర్టులో నిలబెడతానంది. నలుగురికీ నాలుగు వాటాలు, పావు వంతు చాలు, గంగ వైపు గది ఒక్కటిస్తే తను ఇంకేం అడగనంది.

"చూడ్డానికైతే వెళ్ళు, నేనూ వస్తాను," అంది ననీబాల. "కోర్టుకి వాడు రావక్కర్లేదు. వాడికిప్పుడు ఆ ఇంట్లో వాటా లేదు. నాలుగేళ్ళ కిందట అమ్మేశాడు. పెద్దపిల్ల పెళ్ళికి."

హిమాని వీపు నిటారుగా అయింది. కిందటేడు నుంచీ ఆ ఇంటిని పడగొట్టి ఏడంతస్తులు లేపుతానని తిరుగుతున్న ప్రమోటరు గుర్తొచ్చాడు. పరాయివాడు ఒక్కడు పావు వంతుతో లోపలికొస్తే మండపం కూడా మిగలదు.

"ఎవరికి అమ్మాడు? ఆ ప్రమోటరుకేనా?"

ననీబాల పాన్ బుగ్గన పెట్టుకుంది. "నాకు," అంది.

వరండాలో ఎవరో గుమస్తా పేర్లు పిలుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"మా అమ్మ పెట్టిన గాజులు, కంటె ఉన్నాయి కదా, అవి ఇచ్చాను. ఇదే కోర్టు వెనకాల రిజిస్ట్రీ ఆఫీసులో పత్రం రాశాం. ఆ రోజు తారకేశ్వర్ గుడికి వెళ్తున్నానని చెప్పాను మీ పెద్దన్నకి. వచ్చేటప్పుడు బజార్లో పేడాలు కొని ప్రసాదమని పెట్టాను. తిన్నారు."

"ఎందుకు కొన్నావు?" అని హిమాని అడిగింది. అడిగే గొంతులో కోపం ఉందో మెచ్చుకోలు ఉందో చెప్పడం కష్టం.

"నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మంచాన పడ్డ అత్తగారికీ మామగారికీ చాకిరీ నేనే చేశాను. ఆ పంపకం కాగితంలో నీ పేరు లేదని నీకు కోపం వచ్చింది హిమూ. రావాల్సిందే. నా పేరు ఉండొచ్చని ఎవరికీ తోచను కూడా తోచలేదు. నీకూ తోచలేదు." ఆవిడ ఆ మాట నిష్ఠూరంగా అనలేదు, కూరలో ఉప్పు చాల్లేదన్నట్టు అంది. "ఇప్పుడు నీదో పావు, నాదో పావు. ఇద్దరం ఒకవైపు కూర్చుంటే సగం ఇల్లు. నేను నీ అన్నదమ్ముల వైపు కూర్చుంటే అవతల ముప్పావు. ఎటు కూర్చోవాలో నేనింకా అనుకోలేదు. ఇవాళ అంతా ఆ మంచినీళ్ళ మాట వల్ల బయటికొచ్చేసింది గానీ, లేకపోతే ఇంకా నాలుగు రోజులు ఆలోచించుకునేదాన్ని."

అంతలో వరండా ఆ చివర చీమలా ఒక మనిషి కనిపించాడు. చీమ పెరిగి పెద్దదై అఘోరనాథ్ అయింది. ఇంత హుషారుగా ఆయన నడవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. కోర్టులో జరిగినదానికి పెళ్ళాన్ని చెడామడా తిడతాడేమోనని హిమాని అనుకుంది. ఆయన తిట్టలేదు. ఇద్దరి మధ్యా ఉన్న జాగాలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"హిమూ, నువ్వు ఇది వినొద్దు," అని చెల్లెలికి చెప్పి, పెళ్ళాం వైపు తిరిగాడు. "కుండు మంచి దారి చెప్పాడు. పల్టు వాటా మనమే కొనేసుకుంటే సరి. మనదో పావు, వాడిదో పావు, మళ్ళీ సగం మనదే. లోకూకి చెప్పకు. వాడికి ఈ ఇంటితో పనేముంది, ఎంతో కొంతకి ఇచ్చేస్తాడు. నీ మాట వింటాడుగా. రేపే వెళ్ళి అమ్మమని చెప్పు."

వినొద్దన్న మనిషి అంతా వింది. ననీబాల మొగుడి మీదుగా ముందుకు వంగి ఆడపడుచు మొహంలోకి చూసింది.

"ఏమంటావు హిమూ? అమ్మెయ్యనా?"

హిమాని నోరు తెరిచేలోపే అఘోరనాథ్ నవ్వాడు. పొద్దుటినుంచీ ఆయన నవ్వింది అప్పుడే.

"నువ్వేమిటే అమ్మేది? అమ్మడానికి నీ దగ్గరేముంది?"